అడ్డం డిగ్రీ కాదు, స్టాంపు

ఈసారి పోస్టు పెద్దగా ఉంటుంది. బస్సులో చదవండి, బ్రేక్‌లో చదవండి, రెండు రోజులు పట్టినా చివరిదాకా చదవండి. ముఖ్యంగా డిగ్రీ లేనివాళ్లు, మధ్యలో ఆపేసినవాళ్లు, "గవర్నమెంటు జాబులు మనకెందుకులే" అనుకునేవాళ్లు చదవాలి.

పోయిన ఆదివారం ఇక్కడ క్లాండాల్కిన్‌లో మిల్ సెంటర్ ముందు ఒక తమ్ముడు కలిశాడు. మా జగిత్యాల వైపు పిల్లగాడే. ఇంటర్ అయిపోగానే హైదరాబాదులో హోటల్ పని నేర్చుకుని, షెఫ్ పర్మిట్ మీద ఈ దేశం వచ్చాడు. ఏళ్లకేళ్లు తందూరు ముందు నిలబడి ఇప్పుడు స్టాంప్ 4 తెచ్చుకున్నాడు. చేతులకు కాలిన మచ్చలు ఇంకా పోలేదు. నన్ను పక్కకు పిలిచి అడిగాడు:

"అన్నా, ఇంటికాడ ఎకరం అమ్ముతున్నం. ఈడ ఏదన్న కాలేజీల చేరి డిగ్రీ చేసుకుంట. ఒకాయన చెప్పిండు, డిగ్రీ ఉంటే గవర్నమెంటు జాబు దొరుకుతదట. ఫీజు, ఆయన కమీషను, అంత కలిపి ఎకరం పోతది. చెయ్యమంటవా?"

"ఎకరం అమ్మకురా" అన్నాను. "నువ్వు అడిగే జాబుకు డిగ్రీ ఎవడూ అడగడు."

వాడు నమ్మలేదు. నేను వాడిని తిట్టలేను, ఎందుకంటే పదిహేనేళ్లు నేను కూడా అదే నమ్మాను. ఊళ్లో మనకు చిన్నప్పటి నుంచి నేర్పింది అదే కదా. డిగ్రీ ఉన్నోడు ఆఫీసర్, ఇంటర్ ఉన్నోడు కానిస్టేబుల్, పది ఉన్నోడు గ్యాంగ్‌మన్, ఏదీ లేనోడు దుబాయ్. ఆ లెక్క మోసుకునే విమానం ఎక్కాం. ఇక్కడ లెక్క వేరేగా ఉందని చూడలేదు.

నా సంగతి ముందు చెప్తా, అప్పుడే నా కోపం ఎక్కడిదో మీకు తెలుస్తుంది.

నాది ఇంటర్. 2015 డిసెంబర్ చివర్లో తెలంగాణ పోలీసు నోటిఫికేషన్ పడింది, కానిస్టేబుల్ పోస్టులు తొమ్మిది వేల పైన. ఇంటర్ చాలు. పొద్దున నాలుగింటికి లేచి చెరువు కట్ట మీద ఉరికినం. ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉండాలి, నాకు ఉంది. 800 మీటర్ల పరుగు అయింది, లాంగ్ జంప్‌లో పోయాను. ఆ తర్వాత రైల్వే అన్నారు. మా బామ్మర్ది ఇప్పటికీ ఆ రైల్వే పుస్తకాలే చదువుతున్నాడు. 2019లో గ్రూప్ డి 1,03,769 పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తే కోటీ 15 లక్షల మంది అప్లై చేశారు. పరీక్ష పెట్టింది 2022 ఆగస్టులో. మూడేళ్లు! ఆ మూడేళ్లలో పెళ్లిళ్లు ఆగినై, వయసు దాటిపోయింది, ఎంతోమంది గల్ఫ్ పోయారు. పదో తరగతి చాలు అని రాసిన ఉద్యోగానికి డిగ్రీలు, బీటెక్‌లు చేసినోళ్లు వచ్చి కూర్చుంటే పదో తరగతి వాడికి సీటెక్కడ మిగులుతుంది? అక్కడ మన సమస్య అది.

నేను 2018లో వంట పర్మిట్ మీద ఐర్లాండ్ వచ్చాను. 2023లో స్టాంప్ 4 వచ్చింది. కిచెన్ వదిలేసి పగలు గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్, కొన్నాళ్లు రాత్రి ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో క్లీనింగ్ చేశాను. ఆస్పత్రి సర్కారుది, జీతం ఇచ్చేది మాత్రం కాంట్రాక్టు కంపెనీ. ఆ ఆస్పత్రిలో ఒక పెద్దాయన పోర్టర్ ఉండేవాడు, ఐరిష్ మనిషి, రోగుల్ని వీల్‌చైర్‌లో తీసుకుపోయే పని. నేను, ఆయన ఒకే కారిడార్‌లో పని చేసేవాళ్లం. ఒకసారి నాకు వెన్ను పట్టేసి వారం రోజులు పడుకుంటే, చట్టం ప్రకారం నాకు రావాల్సిన సిక్ లీవ్ ఏడాదికి 5 రోజులు, అదీ జీతంలో 70 శాతం, రోజుకు 110 యూరోలు మించకుండా. ఆయనకు అంతకుముందు ఏడాది ఆపరేషన్ అయితే నెలలు ఇంట్లో ఉండి జీతం తీసుకున్నాడు. ఆయన ఏ డిగ్రీ చదివాడని అడిగాను. నవ్వాడు. పదిహేనేళ్లకే బడి మానేశాడట.

ఆ రోజు నాకు బుర్ర తిరిగింది. ఇంటికి వచ్చి ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను.

ఇప్పుడు మీరు కూడా తెలుసుకోండి. ఈ దేశంలో ప్రభుత్వ ఆఫీసుల్లో మొదటి మెట్టు ఉద్యోగం పేరు క్లరికల్ ఆఫీసర్. మన జూనియర్ అసిస్టెంట్ లాంటిది. పాస్‌పోర్టు ఫారాలు చూడటం, పన్ను కాగితాలు సర్దడం, సోషల్ వెల్ఫేర్ కౌంటర్‌లో కూర్చోవడం. దీనికి డిగ్రీ అక్కర్లేదు. పబ్లిక్‌జాబ్స్ అనే సర్కారు సైట్‌లో ప్రకటన పడుతుంది, అప్లికేషన్‌కు ఒక్క సెంటు ఫీజు లేదు. ఆన్‌లైన్ పరీక్షలు ఉంటాయి, తర్వాత ఇంటర్వ్యూ, పాసైతే మెరిట్ ప్రకారం ప్యానెల్‌లో పేరు. మొదటి జీతమే ఏడాదికి 30 వేల యూరోల పైన. వారానికి 35 గంటలు. సెలవులు 22 రోజులు. జబ్బు చేస్తే నిబంధనల ప్రకారం మూడు నెలల దాకా పూర్తి జీతం, ఆ తర్వాత మూడు నెలలు సగం జీతం. 2013 తర్వాత చేరినవాళ్లందరికీ ఒకే ప్రభుత్వ పెన్షన్ పథకం. మన గోడౌన్‌లో కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకు 14.15 యూరోలు. గంట లెక్క మాత్రమే చూస్తే తేడా కొంచెమే అనిపిస్తుంది. జబ్బు పడ్డ రోజు, ముసలితనం వచ్చిన రోజు కలిపి చూడండి, అప్పుడు తేడా ఎంతో తెలుస్తుంది.

సరే, 2024లో అప్లై చేశాను. మొనాస్టరీ రోడ్డులో మన క్లాండాల్కిన్ లైబ్రరీ ఉంది కదా, ఇల్లు ఇరుకని, పిల్లల గోల అని, అక్కడే కూర్చుని ప్రాక్టీసు చేసేవాణ్ని. చెరువు కట్ట మీద ఉరికిన రోజులు గుర్తొచ్చేవి. పరీక్షలు పాసయ్యాను. ఇంటర్వ్యూ పాసయ్యాను. మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను కూడా. అమ్మ ఊళ్లో పోచమ్మకు బోనం ఎత్తింది.

చివర్లో కాగితాలు అడిగారు. పంపాను. జవాబు వచ్చింది: మీకు అర్హత లేదు.

చదువు చాలదని కాదు, మార్కులు తక్కువని కాదు. స్టాంపు సరిపోదని! తప్పు నాది కూడా ఉంది, ప్రకటనలో అర్హత పేరా మొదట్లోనే ఉంది, నేను చదవలేదు. స్టాంప్ 4 ఉంటే ఏ పనైనా చేసుకోవచ్చు అని అందరం అనుకుంటాం కదా, నేనూ అనుకున్నా. ఆ పేరా మీకోసం తెలుగులో చెప్తా, జాగ్రత్తగా చదవండి.

2024లో నేను అప్లై చేసిన ఆ ప్రకటన ప్రకారం, ఈ సివిల్ సర్వీసు ఉద్యోగానికి ఐరిష్ పౌరులు, యూరప్ ఆర్థిక ప్రాంతం దేశాల పౌరులు, బ్రిటన్, స్విట్జర్లాండ్ పౌరులు అర్హులు. మనలాంటి బయటి దేశాల వాళ్లలో ఎవరంటే: పై దేశాల పౌరులకు భార్య గానీ భర్త గానీ పిల్లలు గానీ అయి స్టాంప్ 4 ఉన్నవాళ్లు, శరణార్థిగా రక్షణ పొందినవాళ్లు, వాళ్ల కుటుంబంలో అర్హులు, ఇంకా, ఆ దేశాల పౌరసత్వం ఉండి అక్కడే ఉంటున్న, తమ మీద ఆధారపడ్డ బిడ్డకు తల్లి గానీ తండ్రి గానీ అయి స్టాంప్ 4 ఉన్నవాళ్లు. అంతే. పని చేసి, పన్ను కట్టి, ఐదేళ్లు ఆగి సంపాదించుకున్న స్టాంప్ 4, అదొక్కటే ఉంటే, ఆ జాబితాలో లేదు.

ఇప్పుడు మిల్ సెంటర్ ముందు కలిసిన తమ్ముడి దగ్గరికి రండి. వాడి స్టాంపు, నా స్టాంపు ఒకటే. వాడూ షెఫ్, నేనూ షెఫ్. వాడిదీ ఇంటర్, నాదీ ఇంటర్. కానీ వాడి భార్య ఇక్కడికి వచ్చాక పాప కూంబ్ ఆస్పత్రిలో పుట్టింది. అప్పటికి వాడు ఇక్కడ మూడేళ్ల పైన చట్టప్రకారం ఉన్నాడు. 2005 నుంచి ఉన్న చట్టం ప్రకారం, తల్లిదండ్రుల్లో ఒకరు బిడ్డ పుట్టే ముందు నాలుగేళ్లలో మూడేళ్లు లెక్కకు వచ్చే నివాసం ఉంటే ఆ బిడ్డ పుట్టుకతోనే ఐరిష్ పౌరురాలు. నా పిల్లలిద్దరూ జగిత్యాలలో పుట్టారు. వాడు అర్హుడు, నేను కాదు.

ఇదేం లెక్క? ఎవడు ఎన్నేళ్లు ఉన్నాడు, ఏం పని చేశాడు, పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయి, ఇవేవీ కాదు. బిడ్డ ఏ ఆస్పత్రిలో పుట్టింది అన్నది లెక్క. నేను వాడి మీద ఏడవడం లేదు, వాడు నా తమ్ముడే. వాడికి తలుపు తెరిచే ఉంది. ఆ సంగతి తెలియక, తెరిచిన తలుపు ముందు నిలబడి తాళంచెవి కొనడానికి ఎకరం అమ్ముతున్నాడు. ఆ తాళంచెవి అమ్మేవాడికి ఈ పేరా తెలియదా? బాగా తెలుసు. తెలిసి చెప్పడు, చెప్తే కమీషను పోతుంది.

ఇంకో లెక్క చూడండి, ఇది నాకు అసలు మింగుడు పడనిది. గార్డ, అంటే ఇక్కడి పోలీసు. గార్డలో చేరడానికి ఐరిష్ పౌరసత్వం తప్పనిసరి కాదు. అప్లికేషన్ ఆఖరు తేదీకి ముందు ఒక ఏడాది ఆగకుండా ఇక్కడ ఉండి, దానికి ముందు ఎనిమిదేళ్లలో మొత్తం నాలుగేళ్లు ఉంటే, ఏ దేశపు మనిషైనా అప్లై చేయొచ్చు. డిగ్రీ అక్కర్లేదు, లీవింగ్ సర్టిఫికెట్ గానీ దానికి సమానమైన చదువు గానీ చాలు. 2024 జనవరిలో వయసు పరిమితి 35 నుంచి 50కి పెంచారు. 167.6 సెంటీమీటర్ల లెక్క కూడా ఇక్కడ లేదు.

అంటే ఏమైంది? ఐదేళ్లు ఇక్కడ ఉన్న ఇండియన్, యూనిఫాం వేసుకుని ఐరిష్ పౌరుడిని అరెస్టు చేయడానికి పనికొస్తాడు. నేను చూసిన 2024 ప్రకటన ప్రకారం అదే ఇండియన్, అదే ఐదేళ్ల నివాసంతో, కౌంటర్ వెనక కూర్చుని ఆ పౌరుడి ఫారం మీద ముద్ర కొట్టడానికి పనికిరాడు. దేశ భద్రత కోసమే ఆ నిబంధన అంటే, పోలీసు కన్నా గుమాస్తా దగ్గర ఎక్కువ భద్రత ఉందా? నివాసాన్ని నమ్మకానికి కొలతగా ఒక శాఖలో ఒప్పుకున్న సర్కారు ఇంకో శాఖలో ఎందుకు ఒప్పుకోదు? దీనికి నాకు ఇప్పటిదాకా ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

చేతులు కావాల్సి వచ్చినప్పుడు మాత్రం సర్కారు తలుపులు చకచకా తెరుచుకుంటాయి. ముసలివాళ్లను చూసుకునే మనుషులు చాలక 2021 జూన్‌లో హెల్త్ కేర్ అసిస్టెంట్లకు పర్మిట్లు తెరిచారు. మన అక్కాచెల్లెళ్లు ఎంతమంది వచ్చారో మీకు తెలుసు. రెండేళ్లు పనిచేశాక లెవెల్ 5 సర్టిఫికెట్ ఉండాలన్నారు, షిఫ్టులు చేసుకుంటూనే చదివి తెచ్చుకున్నారు. 2022లో బస్సు డ్రైవర్లు చాలకపోతే వాళ్లకూ పర్మిట్లు తెరిచారు. ఇవన్నీ డిగ్రీ లేని పనులే. డిగ్రీ లేని మనిషి ఈ దేశానికి అవసరమని సర్కారే కాగితం మీద ఒప్పుకుంది. మన పని తీసుకుంటుంది, మన పేరు మాత్రం తన జీతాల రిజిస్టర్‌లో రాసుకోవడానికి వెనకాడుతుంది.

ఈ ఆట మనకు కొత్త కాదు. ఊళ్లో పోస్టు బట్వాడా చేసే గ్రామీణ డాక్ సేవక్‌ను చూడండి. పదో తరగతి మార్కులతో తీసుకుంటారు, ఉత్తరం పంచేది వాడే, పెన్షన్ డబ్బు ముసలమ్మ చేతిలో పెట్టేది వాడే. ఊరంతా పోస్టాఫీసాయన అంటుంది, కాగితం మీద మాత్రం రెగ్యులర్ ఉద్యోగి కాదు. మున్సిపాలిటీలో చెత్త ఎత్తే అక్కను చూడండి, ఏళ్ల తరబడి అవుట్‌సోర్సింగే. అక్కడా డిగ్రీ లేదన్న మాట నోరు మూయించడానికి పనికొస్తుంది. ఇక్కడ ఆ పని స్టాంపు చేస్తుంది.

ఇప్పుడు మీలో కొందరు అంటారు: "అన్నా, వాళ్ల దేశం, వాళ్ల ఉద్యోగాలు. మన దగ్గర మాత్రం బయటివాళ్లకు ఇస్తామా?" మంచి ప్రశ్న. దాటేసి పోను.

నేను తెలంగాణ వాణ్ని. స్థానికుల ఉద్యోగాలు స్థానికులకే అన్న మాట మీద పెరిగినోణ్ని. 1952లో హైదరాబాదులో నాన్ ముల్కీ గో బ్యాక్ అని పిల్లలు రోడ్డెక్కితే సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. 1969లో మళ్లీ. ఆ కొట్లాట మొదలైంది ఏ ఉద్యోగాల కోసం? టీచర్లు, గుమాస్తాలు, అటెండర్లు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుతో తెలంగాణలో 95 శాతం పోస్టులు స్థానికులకు అయ్యాయి. అందుకే ఇక్కడి ఐరిష్ కుర్రాడు, నీల్స్‌టౌన్‌లోనో బానోగ్‌లోనో పుట్టినవాడు, "ముందు మాకు" అంటే నేను ఎగతాళి చేయను. వాడి నాన్నకు కూడా పని పోయింది. ఈ మిల్ సెంటర్ ఉన్నచోట ఒకప్పుడు పేపర్ మిల్లు ఉండేది, అది మూతపడ్డ కథ ఇక్కడి పెద్దవాళ్లను అడిగితే చెప్తారు.

కానీ ఒక మాట. నిజాం కాలపు ముల్కీ నిబంధనకు కూడా ఒక హద్దు ఉండేది. పదిహేనేళ్లు ఈ నేల మీద ఉంటే నువ్వూ ముల్కీవే అనేది. అంటే బయటివాడు లోపలివాడు కావడానికి ఏళ్ల లెక్క ఉంది. స్థానికులకు రక్షణ అంటే అదీ. నేను అడిగేది అంతకన్నా ఎక్కువ కాదు. ఐదేళ్లు పెడతారా, ఏడేళ్లు పెడతారా, పెట్టండి. ఎన్నేళ్లున్నా స్టాంప్ 4 వాడికి తలుపు తెరుచుకోదు అనడం అన్యాయం.

"అయితే సిటిజన్‌షిప్ తీసుకో, అన్ని తలుపులూ తెరుచుకుంటాయి" అంటారు ఇంకొందరు. నిజమే. 1,825 రోజుల లెక్కకు వచ్చే నివాసం ఉండాలి, స్టూడెంట్‌గా స్టాంప్ 2 మీద గడిపిన రోజులు అందులోకి రావు. అప్లికేషన్‌కు 175 యూరోలు, మంజూరయ్యాక సర్టిఫికెట్‌కు 950. డబ్బు పెద్ద విషయం కాదు, కూడబెట్టుకుంటాం. కానీ ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఐరిష్ పాస్‌పోర్టు చేతికొస్తే ఇండియన్ పాస్‌పోర్టు ఇచ్చేయాలి. ఓసీఐ కార్డు వస్తుంది, దానితో ఓటు రాదు, వ్యవసాయ భూమి కొనడం కుదరదు. మా నాన్న రెండెకరాలు వారసత్వంగా రావచ్చు, కానీ పక్కన అప్పులకు అమ్ముకున్న మా చిన్నాన్న ఎకరం మళ్లీ నా పేరు మీద కొనాలన్నది మా అమ్మ కోరిక. అది అయిపోతుంది. అందుకే నేను ఇంకా ఆ ఫారం నింపలేదు. ఐటీ తమ్ముళ్లకు ఇది చిన్న విషయం కావచ్చు. మట్టి మీద బతికిన ఇంటికి చిన్న విషయం కాదు. తీసుకునేవాళ్లు తీసుకోండి, తప్పేమీ లేదు. కానీ ఫైళ్లు సర్దే ఉద్యోగం కోసం మనిషి పుట్టిన దేశం వదులుకోవాలి అనడం న్యాయమా?

సర్కారును తిట్టాను. ఇప్పుడు మనల్ని మనం కూడా కాస్త తిట్టుకుందాం.

తలుపు తెరిచి ఉన్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఐరిష్ పౌరసత్వం వచ్చినవాళ్లు ఉన్నారు. ఇక్కడ పుట్టిన ఐరిష్ బిడ్డ ఉండి స్టాంప్ 4 ఉన్న తల్లులు, తండ్రులు ఉన్నారు. వాళ్లలో ఎంతమంది అప్లై చేశారు? నేను తెలిసినవాళ్లను అడిగాను. ఒక చెల్లెలు అంది, "అన్నా, నేను డిగ్రీ ఫెయిల్, నన్నెవరు తీసుకుంటారు". ఆమె ఐరిష్ పౌరురాలు! ఇంకో అన్న అన్నాడు, "క్లర్క్ అని చెప్పుకోవాలంటే ఇండియాలో నవ్వుతరు". గోడౌన్‌లో డబ్బాలు మోస్తున్నానని చెప్పుకోవడం లేదు కదా ఆయన. సూపర్‌వైజర్ అని చెప్పుకుంటున్నాడు. ఒక తమ్ముడు డబ్లిన్ బస్‌లో చేరతానంటే, గ్రూపులో "ఆర్టీసీ డ్రైవర్" అని నవ్వారు. డబ్లిన్ బస్ సర్కారు సంస్థ, మామూలు కారు లైసెన్సు ఉన్నవాళ్లను కూడా తీసుకుని వాళ్లే బస్సు నేర్పుతారు. నవ్వినవాళ్లందరూ పొద్దున ఆ బస్సే ఎక్కి పనికి పోతారు. పెళ్లి సంబంధాల దగ్గర, పండగ పార్టీల దగ్గర "ఏం చదివాడు" అని అడిగి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టాలో నిలబెట్టాలో తేల్చుకునే జబ్బు మనది. ఐరిష్ వాళ్లు ఈ విషయంలో మనకన్నా నయం. వాళ్లలో పోర్టర్, పోస్ట్‌మ్యాన్ తల ఎత్తుకుని పబ్‌లో కూర్చుంటారు.

లోపలికి పోవడం ఎందుకు ముఖ్యమో ఇంకో కారణం చెప్తా. 2025 జూలైలో మన పక్కనే టాలాలో ఒక ఇండియన్‌ను కొట్టి, రక్తం కారుతుంటే బట్టలు ఊడదీసి వదిలేశారు. ఆగస్టు 1న ఇండియన్ ఎంబసీ జాగ్రత్తలు చెబుతూ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆ నెలంతా మనం రాత్రి షిఫ్టు నుంచి రెడ్ కౌ లువాస్ దగ్గర ఒకరికోసం ఒకరం ఆగి, గుంపుగా నడిచి ఇళ్లకు వచ్చాం. గుర్తుందా? అప్పుడు గ్రూపుల్లో ఎంత మాట్లాడాం, పోలీసులు పట్టించుకోరని, మన మాట ఎవరూ వినరని. మరి స్టేషన్‌లో మన మాట అర్థమయ్యే మనిషి ఎక్కడినుంచి వస్తాడు? మనలోంచే రావాలి. 2019లో గార్డ వాళ్లు యూనిఫాంతో తలపాగా, హిజాబ్ వేసుకోవడానికి ఒప్పుకున్నారు, వేరే మనుషులు కూడా రావాలనే కదా. సోషల్ వెల్ఫేర్ కౌంటర్‌లో, ఇమిగ్రేషన్ ఆఫీసులో, కౌన్సిల్‌లో మన ముఖం ఒకటి ఉంటే, భాష రాక వణికే మన అమ్మ వయసు మనిషికి ఎంత ధైర్యం! డిగ్రీ ఉన్నవాళ్లు ఐటీ కంపెనీలకు పోతారు, పోనివ్వండి. ఈ కుర్చీల్లో కూర్చోవాల్సింది మనం.

కాబట్టి నేను అడిగేది ఇది.

ఐరిష్ పౌరసత్వం ఉన్నవాళ్లు, ఐరిష్ బిడ్డతో స్టాంప్ 4 ఉన్నవాళ్లు పబ్లిక్‌జాబ్స్‌లో ఈ రాత్రే ప్రొఫైల్ పెట్టుకోండి. ఉచితం. ఎవరైనా "నేను పెట్టిస్తా, ఇంత ఇవ్వు" అంటే వాడి నంబరు తీసేయండి. ప్రతి ప్రకటనలో అర్హత పేరా ముందు చదవండి, నాలాగా చివర్లో కాదు. మన ఇంటర్ ఇక్కడి ఏ స్థాయికి సరిపోతుందో క్యూక్యూఐ వాళ్ల నారిక్ జాబితాలో ఉచితంగా చూసుకోవచ్చు. ఇంగ్లిష్ భయం ఉన్నవాళ్లు లైబ్రరీకి రండి, శనివారం నేను ఉంటా, కలిసి ప్రాక్టీసు చేద్దాం.

ఆ పేరాలో లేనివాళ్లు ఐదేళ్ల నివాసం లెక్కపెట్టుకుని గార్డ ప్రకటన కోసం చూడండి. డ్రైవింగ్ వచ్చినవాళ్లు, స్టాంప్ 4 ఉన్నవాళ్లు బస్సు వైపు చూడండి. ఇంకా స్టాంప్ 1 మీద ఉన్నవాళ్లు ఓపిక పట్టండి, 2024 సెప్టెంబర్ నుంచి తొమ్మిది నెలలు దాటాక యజమాని మారే వీలు వచ్చింది, కనీసం వేధించే చోట ఇరుక్కుపోవద్దు.

అందరం కలిసి చేయాల్సింది ఒకటి ఉంది. కౌన్సిల్ ఎన్నికల్లో మనకు ఓటు ఉంది, పౌరసత్వం అక్కర్లేదు, ఇక్కడ నివాసం ఉంటే చాలు. 2024 జూన్‌లో ఆ ఎన్నికలు జరిగితే మన వీధిలో తెలుగువాళ్లు ఎంతమంది వేశారు? చేతి వేళ్లతో లెక్కపెట్టొచ్చు. ఓటరు జాబితాలో పేరు రాయించుకోండి. కౌన్సిలర్లు, మన డబ్లిన్ మిడ్ వెస్ట్ టీడీలు జనాన్ని కలిసే రోజులు ఉంటాయి, వెళ్లి అడగండి. "సార్, గార్డకు చాలిన నివాసం గుమాస్తాకు ఎందుకు చాలదు?" అంతే, ఒక్క వాక్యం. యూనియన్‌లో ఉన్నవాళ్లు అక్కడా అడగండి. వంద మంది ఒకే ప్రశ్న అడిగితే ఎవరో ఒకరు రాసుకుంటారు.

తమ్ముడు నిన్న ఫోన్ చేశాడు. ఎకరం అమ్మకం ఆపాడట. ప్రొఫైల్ పెట్టుకున్నాడు, పాస్‌వర్డ్ మర్చిపోయి మళ్లీ పెట్టుకున్నాడు. "అన్నా, క్లర్క్ పరీక్షల లెక్కలు బాగ కష్టముంటయా?" అని అడిగాడు. ఐదు వందల మందికి బిర్యానీ కొలత కళ్లు మూసుకుని చెప్పేవాడు నన్ను లెక్కల గురించి అడుగుతున్నాడు!

నేనేమో మళ్లీ ఉరకడం మొదలుపెట్టాను. పొద్దున కాలువ గట్టు మీద, షిఫ్టు లేని రోజుల్లో. 38 ఏళ్లు, వెన్ను పూర్తిగా బాగాలేదు. గార్డ ప్రకటన పడితే అప్లై చేస్తా. ఫిజికల్ టెస్టులో పోతే పోతా, అదైనా నా కాళ్ల వల్ల పోయినట్టు ఉంటుంది. మా అమ్మకు మాత్రం ఈసారి ముందే చెప్పలేదు.

మీలో ఎవరైనా ఈ తలుపులు దాటి లోపలికి పోయినవాళ్లు ఉంటే కింద రాయండి. ఏ పరీక్ష, ఏం అడిగారు, ఎన్ని నెలలు పట్టింది, అన్నీ రాయండి. మీరు రాసే నాలుగు మాటలతో ఇంకో ఇంట్లో ఇంకో ఎకరం మిగులుతుంది.